హింస మధ్య పెరిగిన పిల్లలు, వాళ్ల మనసు, జన్యువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల కౌన్సెలింగ్‌కి వచ్చే తల్లులు, అమ్మమ్మలు, టీచర్లు ఏళ్ల తరబడి నన్ను అడుగుతున్న ప్రశ్నలివి. వచ్చి కూర్చున్న పది నిమిషాల్లోనే చాలామంది ఒక మాట అనేస్తారు: "ఇది వాళ్ల నాన్న రక్తమండీ, ఎక్కడికి పోతుంది?" పిల్లాడు పక్కనే కూర్చుని వింటుంటాడు. జన్యువుల మీద, హింస చూసిన పిల్లల మీద గత పాతికేళ్లలో జరిగిన పరిశోధనలు చదివాక నాకు అర్థమైంది ఒకటే. ఆ మాట అనే హక్కు మనకి ఏ పరిశోధనా ఇవ్వలేదు. ఎందుకో ఒక్కో ప్రశ్నలో చెబుతాను.

వాళ్ల నాన్న తాగొచ్చి కొట్టేవాడు. ఇప్పుడు వీడు బడిలో తోటి పిల్లల్ని కొడుతున్నాడు. రక్తంలో వచ్చిందే కదా?

తండ్రి నుంచి ఆ బాబుకి రెండు వచ్చాయి. ఒకటి సగం డీఎన్ఏ, ఇంకొకటి ఆయన తయారుచేసిన ఇల్లు. రెండూ ఒకే మనిషి నుంచి వచ్చాయి కాబట్టి ఏది ఎంతో బయటి నుంచి చూసి విడదీయడం ఎవరివల్లా కాదు. మిగతా సగం డీఎన్ఏ తల్లిది. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

నా దగ్గరికి వచ్చిన ఒక తొమ్మిదేళ్ల బాబు క్లాసులో ఎప్పుడూ వెనక గోడకి ఆనుకుని, తలుపు కనబడేలా కూర్చునేవాడు. ముందు బెంచీకి మారిస్తే ఏడ్చి గోల చేసేవాడు. మూడో వారంలో బొమ్మ గీస్తూ తనంతట తనే చెప్పాడు. "నాన్న బండి స్టాండు వేసే చప్పుడును బట్టి నాకు తెలిసిపోద్ది మేడమ్. ఒక్కసారే టక్కుమని పడితే తాగలేదు. రెండు మూడుసార్లు జారితే తాగాడు. అప్పుడు చెల్లిని తీసుకుని మేడ మీదికి పోతా." అలాంటి చెవులున్న పిల్లాడి వెనకాల ఒకరోజు ఎవరిదో స్టీలు క్యారేజీ దభీమని కిందపడింది. వీడు వెనక్కి తిరిగి చూడకుండానే చెయ్యి విసిరాడు, పక్కవాడి పెదవి చిట్లింది. బడివాళ్లు రిజిస్టర్లో "దుడుకు స్వభావం" అని రాశారు.

స్టాండు చప్పుడు వినే ఆ నేర్పు ఏ డీఎన్ఏలోనూ ఉండదు. చెల్లిని కాపాడుకోవడానికి ఆ ఇంట్లో నేర్చుకున్నాడు.

పిల్లాడి మీద ఎవరూ చెయ్యి వేయలేదు. మా గొడవలు చూశాడంతే. దానికే ఇంత ప్రభావమా?

ఉంటుంది. అమ్మని కొడుతుంటే చూడటం, పక్క గదిలోంచి వినడం కూడా పిల్లల శరీరం ప్రమాదంగానే తీసుకుంటుంది. దుప్పటి ముసుగేసుకుని పడుకున్న పిల్ల నిద్రపోయిందని మనం అనుకుంటాం. చాలాసార్లు ఆ పిల్ల ఊపిరి బిగబట్టి వింటూ ఉంటుంది.

మన ఇళ్లలో ఇది అరుదైన విషయం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, భర్త నుంచి హింస ఎదురైందని చెప్పిన వివాహిత మహిళలు తెలంగాణలో సుమారు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 30 శాతం. ఆ ఇళ్లలో పిల్లలు కూడా ఉన్నారు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో చేసిన అధ్యయనంలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు శారీరక హింసకు గురైనట్టు తేలింది. ఆ 13 రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

బడిలో బెత్తం, గోడకుర్చీ, తొడపాశం కూడా హింసే. "దండం దశగుణం భవేత్" అని పెద్దవాళ్లు నవ్వుతూ అంటారు గానీ, విద్యాహక్కు చట్టం 2009లోనే బడుల్లో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది.

అసలు కోపానికి, డిప్రెషన్‌కి ఒక జన్యువు ఉంటుందా?

ఒక్కటి ఉండదు. వందలు, వేల చోట్ల ఉండే చిన్నచిన్న తేడాలు కలిసి మనిషిని కొంచెం ఇటో అటో నెడతాయి. కవలల అధ్యయనాలన్నీ కలిపి చూస్తే డిప్రెషన్ విషయంలో మనుషుల మధ్య తేడాల్లో సుమారు 37 శాతం జన్యువులకు చెందుతుంది. ఈ అంకెని చాలామంది తప్పుగా చదువుతారు. మీ పాప డిప్రెషన్‌లో 37 శాతం నాన్నది, 63 శాతం ఇంటిది అని దీని అర్థం కాదు. ఇది జనాభా మొత్తానికి వేసిన లెక్క. ఒక పిల్లకి ఇది వర్తించదు.

"యోధుడి జన్యువు" అని ఒక వీడియోలో విన్నాను. అది ఉన్నవాళ్లు హింసకి దిగుతారట కదా?

ఈ కథ మొదటి నుంచీ తెలుసుకోవాలి. ఎందుకంటే అందులో సగమే జనంలోకి వెళ్లింది.

న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1,037 మంది పిల్లల్ని పరిశోధకులు చిన్నప్పటి నుంచి పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. వాళ్లలో 442 మంది అబ్బాయిల వివరాలతో 2002లో అవ్‌షలోమ్ క్యాస్పీ, టెర్రీ మొఫిట్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. వాళ్లు చూసింది ఎంఏఓఏ అనే జన్యువు. వీడియోల్లో "యోధుడి జన్యువు" అనేది దీని సంగతే. మెదడులో సెరటోనిన్, డోపమిన్, నారడ్రినలిన్ వంటి రసాయనాలు తమ పని అయిపోయాక వాటిని విరగ్గొట్టి శుభ్రం చేసే ఎంజైమ్ దీనివల్లే తయారవుతుంది. కొందరిలో ఈ శుభ్రం చేసే పని చురుగ్గా సాగుతుంది, కొందరిలో నెమ్మదిగా. నెమ్మది రకం ఆ అబ్బాయిల్లో మూడోవంతు మందికి పైగా ఉంది. అంటే అదేదో అరుదైన లోపం కాదు.

మూడేళ్ల నుంచి పదకొండేళ్ల మధ్య ఆ అబ్బాయిల్లో 8 శాతం మంది తీవ్రమైన హింసకి గురయ్యారు. ఇంకో 28 శాతం మంది బహుశా గురై ఉండొచ్చు. 64 శాతం మందికి అలాంటిదేమీ లేదు. నెమ్మది రకం జన్యువు, చిన్నప్పటి హింస రెండూ ఉన్నవాళ్లు మొత్తంలో 12 శాతమే అయినా, హింసాత్మక నేరాలకి పడిన శిక్షల్లో 44 శాతం వాళ్లవే. పత్రికలన్నీ ఈ అంకెనే పట్టుకున్నాయి.

వదిలేసిన సగం ఇది. నెమ్మది రకం ఉండి, దెబ్బలు తినకుండా పెరిగిన అబ్బాయిలు మిగతావాళ్లకంటే ఏమాత్రం ఎక్కువ దుడుకుగా లేరు. జన్యువు ఒక్కటే చూస్తే నేరాలతో దానికి సంబంధమే కనబడలేదు. చిన్నప్పుడు ఎవరో కొట్టి ఉండాలి, అప్పుడే తేడా బయటపడింది. నా మటుకు నాకు ఆ పరిశోధన మొత్తంలో ముఖ్యమైన మాట ఇదే. వీడియోలు చేసేవాళ్లు దీన్ని చెప్పరు.

తర్వాత ఇలాంటి 27 అధ్యయనాలను కలిపి 2014లో చూసినప్పుడు కూడా, అబ్బాయిల వరకు ఈ ధోరణి నిలబడింది. అమ్మాయిల్లో లెక్క ఇంత తేలిగ్గా తేలలేదు. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అమ్మాయిలకి అది రెండు ప్రతులు. ఏది ఎంత పనిచేస్తోందో చెప్పడం కష్టం.

ఒక విషయం నన్ను బాధపెడుతుంది. 2009లో ఇటలీలోని ట్రియెస్ట్ అప్పీలు కోర్టు ఒక హత్య కేసులో నిందితుడికి ఈ జన్యువులో నెమ్మది రకం ఉందన్న వాదనని లెక్కలోకి తీసుకుని శిక్షని ఒక ఏడాది తగ్గించింది. గుంపుల మీద చూసిన ఒక ధోరణిని ఒక మనిషికి అంటగట్టడం అంటే ఇదే. ఈరోజు శిక్ష తగ్గించడానికి వాడిన వాదన, రేపు ఒక పిల్లాడిని బడిలో చేర్చుకోకపోవడానికి కూడా పనికొస్తుంది.

కవలల్ని చూసి ఇదంతా ఎలా చెబుతారు?

ఒకేలా ఉండే కవలల డీఎన్ఏ దాదాపు ఒకటే. వేరువేరు పోలికలతో ఉండే కవలలు మామూలు అన్నదమ్ముల్లా సగం పంచుకుంటారు. ఒకేలా ఉండే జంటలో ఒకరికి ప్రవర్తన సమస్య ఉంటే, రెండోవారికి పుట్టుకతో వచ్చిన ముప్పు ఎక్కువని డీఎన్ఏ పరీక్ష చేయకుండానే లెక్కకట్టొచ్చు.

ఇంగ్లండ్, వేల్స్‌లో 1994-95లో పుట్టిన 1,116 జంటల మీద సారా జాఫీ బృందం 2005లో ఇలాగే చూసింది. పుట్టుకతో ముప్పు బాగా తక్కువున్న పిల్లల్లో, హింస వల్ల ప్రవర్తన సమస్య వచ్చే అవకాశం 2 శాతం పెరిగింది. ముప్పు బాగా ఎక్కువున్నవాళ్లలో 24 శాతం పెరిగింది. అదే హింస, అదే వయసు. ఒకరికి గీరుకుపోయింది, ఇంకొకరికి లోతుగా దిగింది.

అంటే జన్యువులకి పాత్ర ఉంది. దాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. ఏ పిల్ల ఎంత సున్నితమో మన కంటికి తెలియదు కాబట్టే ఎవరినీ కొట్టకూడదని నేనంటాను.

డిప్రెషన్‌కి సెరటోనిన్ జన్యువు కారణమని ఎప్పుడో చదివాను. నిజమేనా?

ఆ డ్యునెడిన్ బృందమే 2003లో అలాంటి ఫలితం చెప్పింది. సెరటోనిన్‌ని మోసే ప్రొటీన్‌ని తయారుచేసే జన్యువులో పొట్టి రకం ఉన్నవాళ్లు కష్టాలు ఎదురైతే డిప్రెషన్‌లోకి ఎక్కువగా వెళ్తున్నారని. ప్రపంచమంతా దాన్ని పాఠ్యపుస్తకాల్లో పెట్టేసింది. తర్వాత పెద్ద లెక్కలు తీశారు. 2009లో 14 అధ్యయనాలను కలిపి చూస్తే అది నిలబడలేదు. 2019లో లక్షల మంది డేటాతో ఇలా పేరు మోసిన 18 జన్యువుల్ని పరీక్షిస్తే, యాదృచ్ఛికంగా ఎంచుకున్న ఏ జన్యువు కంటే కూడా అవి మెరుగ్గా లేవు. ఈ జన్యువు పేరు చెప్పి ఎవరైనా రిపోర్టు అమ్మితే కొనకండి.

కొడితే డీఎన్ఏ మారిపోతుందా?

డీఎన్ఏ అక్షరాలు మారవు. అక్షరాల మీది గుర్తులు మారతాయి. పరీక్షల ముందు టీచర్లు కొన్ని పాఠాల దగ్గర "ఇంపార్టెంట్" అని టిక్కు పెట్టిస్తారు, కొన్నింటిని కొట్టేయిస్తారు కదా. పుస్తకం అదే, చదివేది మారుతుంది. మన కణాల్లో మిథైల్ అనే చిన్న రసాయన ముక్క ఆ టిక్కులాంటి పని చేస్తుంది. ఈ శాస్త్రాన్ని ఎపిజెనెటిక్స్ అంటారు.

భయం వేసినప్పుడు అడ్రినల్ గ్రంథి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌ని వదులుతుంది. గుండె వేగం, చక్కెర, చురుకుదనం పెరుగుతాయి. పని అయ్యాక "ఇక చాలు" అని మెదడుకి కబురు వెళ్లి కార్టిసాల్ తగ్గాలి. మిద్దె మీది ట్యాంకు నిండగానే మోటారు ఆగడానికి ఆటోమేటిక్ స్విచ్ పెట్టిస్తాం చూడండి, అలాంటిది. ఎఫ్‌కేబీపీ5 అనే జన్యువు ఆ స్విచ్ పనిలో ఉంటుంది. 2013లో మ్యూనిక్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థలో ఎలిజబెత్ బైండర్ బృందం ఒక విషయం చూపించింది. ఆ జన్యువులో ఒక ప్రత్యేక రకం ఉన్నవాళ్లు చిన్నతనంలో హింసకి గురైతే, అక్కడి మిథైల్ గుర్తులు ఊడిపోయి స్విచ్ సరిగ్గా పడటం లేదు. ట్యాంకు నిండినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. పెద్దయ్యాక మాత్రమే హింస చూసినవాళ్లలో ఈ మార్పు కనబడలేదు. చిన్న వయసు అంత ముఖ్యం.

మరి ఆ గుర్తులు శాశ్వతమా? మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీలో మైకేల్ మీనీ బృందం ఎలుకల మీద చేసిన పని నాకు చాలా ధైర్యమిచ్చింది. కొన్ని తల్లి ఎలుకలు పిల్లల్ని బాగా నాకి ముద్దుచేస్తాయి, కొన్ని పెద్దగా పట్టించుకోవు. పట్టించుకోని తల్లుల పిల్లలు పెద్దయ్యాక చిన్న చప్పుడుకే బెదిరిపోయేవి. అయితే పుట్టిన వెంటనే ఆ పిల్లల్ని ముద్దుచేసే తల్లుల దగ్గర పెడితే, అవి నిబ్బరంగా పెరిగాయి. ఒత్తిడి జన్యువు మీది గుర్తులు కూడా పెంచిన తల్లి పిల్లల్లాగే ఉన్నాయి. ఇది 2004లో వచ్చిన ఫలితం. మనుషుల్లో ఇంత సూటిగా ఎవరూ చూపించలేదు కాబట్టి, "ఎపిజెనెటిక్ హీలింగ్" అని డబ్బు గుంజే వర్క్‌షాపులకి దూరంగా ఉండండి.

అమ్మమ్మ చూసిన హింస మనవరాలి శరీరంలో ఉంటుందా?

దీని మీద 2025లో ఒక మంచి అధ్యయనం వచ్చింది. సిరియా నుంచి జోర్డాన్ వెళ్లిన కుటుంబాల మీద కాన్నీ మల్లిగన్, రానా దజానీ, క్యాథరిన్ పాంటర్-బ్రిక్ చేశారు. 1982లో హమా నగరంలో జరిగిన ఊచకోత సమయంలో గర్భవతులుగా ఉన్న స్త్రీలు, వాళ్ల పిల్లలు, మనవలు ఒక వరస. 2011 తర్వాతి యుద్ధం చూసినవాళ్లు ఒక వరస. 1980కి ముందే సిరియా వదిలేసి ఆ హింస చూడనివాళ్లు ఇంకో వరస. మొత్తం 48 కుటుంబాలు, 131 మంది. బుగ్గ లోపలి నుంచి నమూనాలు తీసి చూస్తే, హింసని నేరుగా చూసినవాళ్లలో డీఎన్ఏ మీద 21 చోట్ల గుర్తులు మారాయి. హమా చూసిన అమ్మమ్మల మనవల్లో 14 చోట్ల మార్పులు కనబడ్డాయి. ఆ మనవలు హమాని చూడనేలేదు.

ఈ గుర్తుల వల్ల ఏ జబ్బు వస్తుందన్నది ఆ అధ్యయనం చెప్పలేదు. 131 మంది చిన్న సంఖ్యే. "మూడు తరాల శాపం" అని ఎవరైనా మీతో అంటే నమ్మకండి. ఆ పిల్లలు చదువుకుంటున్నారు, ఆడుకుంటున్నారు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు. గర్భిణి ఉన్న ఇంట్లో చెయ్యెత్తేవాడికి మాత్రం ఈ అధ్యయనం చదివి వినిపించాలని నాకు ఉంటుంది.

ఒకే ఇంట్లో పెరిగారు. పెద్దాడికి ఏమీ కాలేదు, చిన్నాడు కుంగిపోయాడు. ఎందుకు?

ముందు "ఏమీ కాలేదు" అన్నది నిజమా అని చూడండి. పెద్దాడు పదో తరగతిలో ఫస్టు వస్తుండొచ్చు, రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టకుండా ఉండొచ్చు. చదువులో మునిగిపోవడం కూడా ఒక దాక్కునే చోటే.

ఇక తేడాలకి చాలా కారణాలుంటాయి. గొడవలు ముదిరినప్పుడు ఎవరి వయసెంత, ఎవరు హాస్టల్లో ఉన్నారు, ఎవరు అమ్మకి అడ్డం వెళ్లి దెబ్బలు తిన్నారు, ఎవరిని మేనమామ సెలవుల్లో తీసుకెళ్లేవాడు. ఇవన్నీ లెక్కే. వాటితోపాటు పుట్టుకతో వచ్చిన సున్నితత్వం కూడా ఉంటుంది. తుమ్మచెట్టు ఎక్కడైనా బతుకుతుంది. తమలపాకు తీగకి నీడ కావాలి, తడి కావాలి, వేసవి గాలి తగిలితే వాడిపోతుంది. కానీ పందిరి వేసి నీళ్లు పెడితే అదే తీగ తోటంతా కమ్ముకుంటుంది. కొందరు పిల్లలు చెడు ఇంట్లో అందరికంటే ఎక్కువ దెబ్బతింటారు, మంచి ఇంట్లో అందరికంటే ఎక్కువ వికసిస్తారు అని థామస్ బోయిస్, బ్రూస్ ఎల్లిస్, జే బెల్‌స్కీ వంటివాళ్లు చెబుతూ వచ్చారు.

రుమేనియాలో అనాథాశ్రమాల్లో పెరుగుతున్న 136 మంది పసిపిల్లల్లో సగం మందిని లాటరీ తీసి పెంపుడు కుటుంబాలకి ఇచ్చారు. బుకారెస్ట్‌లో 2001లో మొదలైన ఈ అధ్యయనంలో, కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లల్లో దిగులు, భయం జబ్బులు తగ్గాయి. రెండేళ్లలోపు వెళ్లినవాళ్లలో మనుషులతో అనుబంధం బాగా కుదిరింది. పిల్లల జన్యువులు అవే, ఇల్లు మారింది.

ఈ ప్రశ్న అడిగిన తల్లులకి నేను ఒకటి చెబుతాను. చిన్నాడిని పెద్దాడితో పోల్చి "వాడు చూడు ఎంత గట్టిగా ఉన్నాడో" అనకండి. తమలపాకు తీగని తుమ్మతో పోల్చి తిట్టడం అది.

డీఎన్ఏ పరీక్ష చేయించాలా?

దీనికోసం వద్దు. హింస చూసిన పిల్లల చికిత్సలో ఏ జన్యు పరీక్షా ఏ నిర్ణయాన్నీ మార్చదు. బుద్ధిమాంద్యం, ఆటిజం లాంటివి ఉన్నప్పుడు డాక్టరు క్రోమోజోమ్ పరీక్ష రాయొచ్చు, అది వేరే సంగతి. ఆ డబ్బు పది సిట్టింగుల కౌన్సెలింగ్‌కి ఖర్చుపెట్టండి.

ఈ అధ్యయనాలన్నీ బయటి దేశాలవే. మన పిల్లలకి వర్తిస్తాయా?

మంచి ప్రశ్న. జన్యు పరిశోధనల్లో పాల్గొన్నవాళ్లలో అత్యధికులు యూరప్ మూలాలవాళ్లే. వాళ్ల డేటాతో తయారైన జన్యు స్కోర్లు, అంటే చిన్నచిన్న జన్యు తేడాలన్నీ కలిపి ముప్పుని లెక్కగట్టే అంకెలు, మనవాళ్లకి అంత బాగా పనిచేయవు. మన దగ్గర సీవేడా పేరుతో బెంగళూరులోని నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థ ఆధ్వర్యంలో ఒక పెద్ద అధ్యయనం జరుగుతోంది. 6 నుంచి 23 ఏళ్ల మధ్య సుమారు 10,000 మందిని తీసుకోవాలన్నది లక్ష్యం. దాని ఏడు కేంద్రాల్లో ఒకటి మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ. చుట్టుపక్కల పల్లెల పిల్లల పెంపకం, బాధలు, జన్యువులు, మెదడు అన్నీ కలిపి చూస్తున్నారు. మన నేల మీది లెక్కలు అలా రావాలి.

పెళ్లి సంబంధం చూసేటప్పుడు వాళ్ల వంశంలో కోపిష్ఠులున్నారా అని చూడటం తప్పా?

వంశం చూసి మనుషుల్ని ముద్ర వేసే అలవాటు మనల్ని ఎక్కడికి తీసుకెళ్లిందో ఒకసారి గుర్తుచేసుకోవాలి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలవాళ్లు పుట్టుకతోనే దొంగలని ప్రకటించింది. మన ఎరుకల కుటుంబాలను బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో పెట్టి కాపలా కాశారు. ఊరు దాటాలంటే అనుమతి, హాజరు. చట్టం 1952లో పోయింది. "స్టువర్టుపురం" అనే పేరుని తిట్టుగా వాడటం పోలేదు. ఆ ఊరి పిల్లలు ఎంతమంది చదువుల్లో, ఉద్యోగాల్లో ఊరి పేరు దాచుకోవాల్సి వచ్చిందో ఆలోచించండి. 2006లో న్యూజిలాండ్‌లో మావోరీలకి "యోధుడి జన్యువు" ఎక్కువని ఒక పరిశోధకుడు అన్నప్పుడు వాళ్లు ఎందుకు మండిపడ్డారో మనకి బాగా అర్థం కావాలి.

సంబంధం చూసేటప్పుడు అబ్బాయి కోపం వస్తే ఏం చేస్తాడో, ఇంట్లో ఆడవాళ్లతో ఎలా మాట్లాడతాడో, తాగుతాడో లేదో కనుక్కోండి. అది మీ హక్కు. వాళ్ల తాత సంగతి వదిలేయండి.

పిల్లల్లో ఏం గమనించాలి?

చిన్నపిల్లల్లో ఆగిపోయిన పక్కతడపడం మళ్లీ మొదలవడం, పీడకలలు, అమ్మని వదలకపోవడం, ఆటల్లో అవే గొడవలు మళ్లీమళ్లీ ఆడటం. బడి పిల్లల్లో డాక్టరుకి అంతుపట్టని కడుపునొప్పి, తలనొప్పి, చప్పుడుకి ఉలిక్కిపడటం, మార్కులు ఉన్నట్టుండి పడిపోవడం. అమ్మాయిలు తరచుగా మాట తగ్గించేసి "బుద్ధిమంతురాలు" అని పేరు తెచ్చుకుంటారు, అందుకే వాళ్ల బాధ ఆలస్యంగా కనబడుతుంది. పెద్దపిల్లల్లో చేతుల మీద గాట్లు, చచ్చిపోతానన్న మాటలు ఉంటే ఆ రోజే సాయం తీసుకోండి. "బెదిరిస్తోంది" అని కొట్టిపారేయకండి.

ఏం చేస్తే బాగవుతుంది? మందులు వాడాలా?

మొదటి మందు హింస ఆగడం. అది ఆగకుండా వారానికోసారి కౌన్సెలింగ్‌కి తీసుకురావడం, కుళాయి కట్టకుండా నేల తుడవడం లాంటిది. రెండోది నమ్మకంగా ఉండే ఒక పెద్ద మనిషి. 2004లో కనెక్టికట్‌లో జోన్ కాఫ్‌మన్ బృందం హింసకి గురైన పిల్లల్ని చూస్తే, క్రమం తప్పకుండా కలిసే, చెప్పింది వినే పెద్దవాళ్లు ఉన్నవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు బాగా తక్కువగా ఉన్నాయి. అమ్మమ్మ కావచ్చు, పీఈటీ సార్ కావచ్చు, పక్కింటి ఆంటీ కావచ్చు.

జరిగినదాన్ని మెల్లగా మాటల్లో పెట్టించే చికిత్సలు పిల్లలకి బాగా పనిచేస్తాయి. 2003లో దీర్ఘకాలిక డిప్రెషన్ ఉన్న 681 మంది పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, చిన్నప్పుడు హింస, తల్లిదండ్రుల మరణం లాంటివి చూసినవాళ్లకి మందు ఒక్కదానికంటే మాటల చికిత్స ఒక్కటే మెరుగ్గా పనిచేసింది. నిద్ర, ఆకలి బాగా దెబ్బతింటే, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలుంటే డాక్టరు మందులు రాస్తారు. రాస్తే వాడండి, సొంతంగా ఆపకండి.

తల్లికి కూడా చికిత్స కావాలి. ఏళ్లుగా దెబ్బలు తిన్న మనిషి తన టెన్షన్ పక్కనబెట్టి తనొక్కతే పిల్లాడిని నిలబెట్టాలని అడగడం న్యాయం కాదు.

మా అబ్బాయి "నేనూ నాన్నలాగే అవుతానా?" అని అడిగాడు. ఏం చెప్పను?

ముందు ఆ ప్రశ్న అడిగినందుకు వాడిని దగ్గరికి తీసుకోండి. నాన్నలా అవ్వాలనుకునేవాడు ఆ ప్రశ్న అడగడు. తర్వాత నిజం చెప్పండి. అమెరికాలో క్యాథీ విడమ్ కోర్టు రికార్డుల్లో ఉన్న 908 మంది పిల్లల్ని, అంటే చిన్నప్పుడు హింసకో నిర్లక్ష్యానికో గురైనవాళ్లని, పెద్దయ్యేదాకా చూసింది. హింసాత్మక నేరాల్లో అరెస్టయినవాళ్లు సుమారు 11 శాతం. అలాంటి అనుభవం లేని 667 మందిలో 8 శాతం. తేడా ఉంది, కానీ నూటికి దాదాపు తొంభై మంది ఆ దారిలో వెళ్లలేదు.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అనే సామెత ఆ పిల్లాడి ముందు అనకండి. వాడు అన్నం తినకుండా అలిగినప్పుడు, తలుపు గట్టిగా వేసినప్పుడు "అచ్చం నాన్నే" అనకండి. కోపం వస్తే బయటికి వెళ్లి పది నిమిషాలు నడిచి రమ్మనండి. తిరిగి వచ్చాక ఏం జరిగిందో అడగండి. నాన్నలో వాడికి నచ్చినవి కూడా ఉంటాయి, పాట పాడటమో, సైకిల్ నేర్పడమో. వాటిని చెప్పుకోనివ్వండి. నాన్న నుంచి వచ్చిన తనలోని సగం చెడ్డదని పిల్లాడు అనుకోకుండా ఉండటానికి అది అవసరం.

ఎక్కడికి వెళ్లాలి?

పిల్లలకి ప్రమాదం ఉంటే 1098. రాత్రీ పగలూ పలుకుతారు, పిల్లలే స్వయంగా చేయొచ్చు. మానసిక సమస్యలకి 14416, టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు. మహిళలకి 181, ప్రాణాపాయం అయితే 112. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. జిల్లాల్లో సఖి కేంద్రాల్లో తల్లికి, పిల్లలకి వైద్యం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి.

లైంగిక హింస జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం డాక్టరైనా, కౌన్సెలరైనా పోలీసులకి చెప్పి తీరాలి. ముందే తెలుసుకుని వస్తే మీకు కంగారు ఉండదు.

మొదటిరోజు పిల్లాడిని ఆకలితో, నిద్రమత్తులో తీసుకురాకండి. ఎక్కడికి వెళ్తున్నామో దారిలోనే నిజం చెప్పండి, ఇంజెక్షన్ ఉండదని చెప్పండి. ఇష్టమైన బొమ్మో బొమ్మల పుస్తకమో వెంట తెచ్చుకోనివ్వండి. జరిగిన కథంతా వాడి ముందే చెప్పడం మొదలుపెట్టకండి, కావాలంటే కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ గంటసేపూ ఒక్క మాట మాట్లాడకపోయినా ఫర్వాలేదు. మళ్లీ ఏ తేదీకి రావాలో రాయించుకుని వెళ్లండి.